ఒక్క మొక్కజొన్న గింజ

చనిపోయినవాళ్ళ పండుగ వెళ్ళి, సమాధుల మీద చల్లిన బంతిపూలు ఇంకా పూర్తిగా వాడకముందే ఆ ఏడు మా నిచింకి కత్తెర పెట్టాం.

నిచిం అంటే మా మాటలో పువ్వు. మెలి తిరిగిన కొమ్ములతో కనిపించిన తలుపునల్లా పొడిచే నల్ల పొట్టేలుకు ఆ పేరేమిటని, వాడు పుట్టినప్పటినుంచీ మా వదిన కాతల్ వెక్కిరిస్తూనే ఉంది. ముందురోజు నురుగు దుంప దంచి, వాగులో నిలబెట్టి, వాడి ఒళ్ళంతా రుద్ది కడిగాం. మర్నాడు పొద్దున పెరట్లో పైన్ ఆకు పరిచి పడుకోబెట్టాం. నా కూతురు తుమీనా తల ఒళ్ళో పెట్టుకుంది. వదిన కాళ్ళు పట్టుకుంది. కత్తెర నా చేతిలో ఉంది.

"కాళ్ళు గట్టిగా పట్టుకో అత్తా, తన్నేస్తున్నాడు."

"పట్టుకుంటూనే ఉన్నానే. నీ పువ్వుకే నా చేతులు నచ్చట్లేదు. మీ మామయ్య కూడా ఇంతే, ముట్టుకుంటే తన్నేవాడు."

ఉన్ని పాయలు పాయలుగా రాలింది. మోచేతి పొడుగు పోగు. తడిసిన రాయిలా నలుపు, వంచితే లోపల్నుంచి ఒక మెరుపు. నా చిన్నతనంలో మా అమ్మమ్మ నేసిన పావడాల్లో ఉండేది ఆ మెరుపు. తర్వాత తర్వాత గొర్రెలు చిక్కాయి, ఉన్ని పొట్టిదై పుటుక్కున తెగడం మొదలైంది. ఆడపిల్లలు బజార్లో మిల్లు నూలు కొని అంచులకు మాత్రం ఇంటి ఉన్ని వేసుకునే రోజులొచ్చాయి. నిచిం ఒళ్ళు చూస్తే మా అమ్మమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చినట్టుండేది నాకు.

వదిన ఒక పాయ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు తిరిగి ఉమ్మింది.

"ఛీ, ఏం ఉన్ని ఇది. బొగ్గుల గోతంలా ఉంది."

"అవును వదినా, చెత్త ఉన్ని" అన్నాను నేను.

మా చమూలా కొండల్లో మంచిదాన్ని మంచిదని ఎవరూ పైకి అనరు. ముద్దొచ్చే బిడ్డను ఎత్తుకుంటే 'ఎంత వికారంగా పుట్టాడో' అంటాం. ఓర్వలేని కన్ను ఏ కంచె వెనక ఉందో ఎవరికి తెలుసు? దిష్టి తగిలితే బిడ్డకైనా గొర్రెకైనా ఒకటే, ఒళ్ళు కాలి, తిండి మాని, మూడో పొద్దుకు పోతారు. గొర్రెకూ ఆత్మ ఉంది కదా. మేం గొర్రెను తినం. అది ఇంటి మనిషి. ముసలిదై చస్తే గొయ్యి తీసి, కొవ్వొత్తి వెలిగించి, ఏడ్చి పాతిపెడతాం.

తుమీనా మాత్రం నవ్వింది. "అమ్మా, మనం ముగ్గురమే ఉన్నాం. ఇక్కడైనా నిజం చెప్పొచ్చు కదా."

"నోర్ముయ్యవే. కోళ్ళు వింటున్నాయి" అంది వదిన.

తుమీనా కొండ అవతలి ఉన్ని కేంద్రంలో పనిచేసేది. ఆ కేంద్రం పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. అంతకుముందు ఎవరో అధికారులు ఎక్కడినుంచో తెల్లటి బొద్దు గొర్రెలు తెచ్చి పంచిపెట్టారు. వాటి ఉన్ని దూదిలా మెత్తన, మా కదురు మీద నిలిచేదే కాదు. మొదటి వానాకాలానికే దగ్గి దగ్గి చచ్చాయి. అందుకని ఈసారి పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరమ్మ ఒదీలియా వేరే మాట చెప్పింది. బయటి గొర్రెలొద్దు, మీ గొర్రెల్లోనే మంచివి ఏవో మీరే చెప్పండి, వాటినుంచే మంద పెంచుదాం, మీరు మాకు నేర్పండి, మేం మీకు నేర్పుతాం అంది. నులిపురుగులకు మందు, ఉప్పు గడ్డ ఎప్పుడు పెట్టాలి, తడి గడ్డి ఎందుకు మేపకూడదు, ఇవి వాళ్ళు నేర్పారు. కదురు ఎలాంటి పోగు అడుగుతుందో, పావడాకు ఏది, మగవాళ్ళ అంగీకి ఏది, అవి మావాళ్ళు చెప్పారు.

ఆ మాటలు ఊరూరికీ మోసుకెళ్ళింది నా కూతురే. పైన్ చెట్ల కింద ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఒక పాయ రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర టక్కున లాగి, "వినండి, గట్టి ఉన్ని గంటలా మోగుతుంది, బలహీనమైంది ఎండుటాకులా చిటపటమంటుంది" అని చెప్పేది.

"ఉన్నీ మాట్లాడుతుందా? మా ఆయనే మాట్లాడడు" అనేవాళ్ళు ఆడవాళ్ళు. అంటూనే పాయ చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళు.

ఆ చలికాలం ఊరూరినుంచీ మంచి పొట్టేళ్ళను కేంద్రానికి ఇవ్వాలి. అక్కడ వాటితో ఆడగొర్రెలను చూలు కట్టించి, వసంతంలో ఎవరి పొట్టేలును వాళ్ళకిచ్చేస్తారు. పుట్టిన పిల్లలు ఊళ్ళకు పంచుతారు. ఆడవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. "తుమీనా పూచీ అంటే ఇస్తాం" అన్నారు. నా కూతురు గుండె మీద చెయ్యి పెట్టుకుని "నా పూచీ" అంది.

మరి మా ఇంటి నుంచి ఇవ్వకపోతే ఎలా?

"వసంతానికి వచ్చేస్తాడమ్మా. ప్రతి ఊళ్ళోనూ వాడి పిల్లలుంటాయి. నువ్వు చచ్చిపోయాక కూడా ఈ ఉన్ని ఉంటుంది" అంది.

వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన ఇల్లు కాదు మాది. తుమీనా నాన్న కాఫీ తోటలకు ఒక పొద్దున వెళ్ళాడు. 'పళ్ళు తెస్తా' అన్నాడు. కబురొచ్చింది, ఆయన రాలేదు. ఎవరైనా గుమ్మం దాటితే వాళ్ళ వీపు కనబడినంతసేపూ చూస్తూ నిలబడడం అప్పటినుంచే నాకు అలవాటైంది.

*

ఉన్ని ఎంచే రోజున కేంద్రంలో పొడుగాటి షెడ్డు ఊడ్చి చాపలు పరిచారు. ఒక్కో చాప మీద ఒక్కో పొట్టేలు ఉన్ని పెట్టారు. ముందొక సొరబుర్ర గిన్నె. ప్రతి ఆడమనిషి చేతికీ గుప్పెడు మొక్కజొన్న గింజలిచ్చారు. బాగా నచ్చితే మూడు గింజలు, పరవాలేదనుకుంటే రెండు, నచ్చకపోతే ఒకటి. ఎవరి ఉన్ని మీదా పేరు లేదు.

డాక్టరమ్మ మా భాషలో మాట్లాడేది. వేడి రొట్టె నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టుండేది గానీ, మాట్లాడేది.

"ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు తల్లులారా. భయం వద్దు. మీ వేళ్ళు ఏం చెబితే అదే వెయ్యండి. ఇక్కడ మీ మాటే చెల్లుతుంది, నా మాట కాదు."

ఆడవాళ్ళంతా శాలువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చీకట్లో నా మొగుడి చొక్కా ఏదో నాకు తెలియదా ఏం?" అంది వదిన నా చెవిలో. "ముట్టుకుంటే చాలు, ఏది ఏ ఇంటిదో, ఆ ఇంట్లో ఏం వండుకున్నారో కూడా చెప్తాను."

అందరికీ తెలుసు. ఆకూష్ అని ఒక పేదరాలుండేది. దాని పొట్టేలు ఉన్ని గోధుమ రంగుది, పీచులా చిక్కులు పడి, మధ్యమధ్య బొల్లి. దాని గిన్నె దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ మూడేసి గింజలు వేసింది. "ఎంత బాగుందో" అని పైకి కూడా అన్నారు. దానికి దిష్టి తగిలే భయం లేదు కదా, నోరారా మెచ్చుకోవచ్చు. పాపం ఆకూష్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిచిం ఉన్ని మూల చాప మీద ఉంది. కిటికీ వెలుగు సరిగ్గా దానిమీదే పడుతోంది. ఒక్కొక్కరూ వచ్చి, వంగి, వేళ్ళు దూర్చి, ఒక క్షణం అలాగే ఉండిపోయి, ఒక్క గింజ వేసి వెళ్ళారు. మా మీద ప్రేమతోనే వేశారు. మా ఇంటికి కీడు రాకూడదని. వదిన ఒక్కటే వేసింది. నేనూ ఒక్కటే వేశాను, సొంత బిడ్డకు ఇంకేం వేస్తాను? తుమీనా చివర్న వచ్చింది. ఊరూరా తిరిగి 'వేళ్ళు చెప్పిందే చెప్పండి' అని నేర్పింది అదే. చాప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక ఆడవాళ్ళు చూస్తున్నారు. దాని గుప్పిట్లో గింజలు అటూ ఇటూ కదిలిన చప్పుడు నాకు వినబడింది.

ఒక్కటి వేసింది.

డాక్టరమ్మ గిన్నెలన్నీ చూసుకుంటూ మూల చాప దగ్గర ఆగింది. ఒక పాయ తీసి చెవి దగ్గర టక్కుమని లాగింది. మళ్ళీ లాగింది.

"నా చెవికి ఇది గుడి గంటలా మోగుతోంది. కొలతల్లో కూడా దీన్ని మించింది లేదు. గిన్నె చూస్తే అడుగు కనబడుతోంది." తుమీనా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నిజంగా బాగాలేదా?"

తుమీనా నా వైపు చూసింది. నేను చాప అల్లిక చూస్తున్నాను.

"ముతక డాక్టరమ్మా" అంది నా కూతురు. "పొడిగా ఉంది. చలికి తెగుతుంది."

"సరే" అంది డాక్టరమ్మ. పాయను జాగ్రత్తగా తీసినచోటే పెట్టింది. "మాట మాటే. మీరన్నదే."

మొదటి రకం పొట్టేళ్ళ మెడకు ఎర్ర తాడు కట్టారు. రెండో రకానికి పసుపు, మూడో రకానికి నీలం. నిచిం మెడకు నీలం తాడు కట్టి మూల దొడ్లోకి తోలారు. ఆకూష్ పొట్టేలు ఎర్ర తాడుతో గడ్డి పరిచిన దొడ్లోకి వెళ్ళింది. నిచిం ఒకసారి వెనక్కి తిరిగి చూసి, దొడ్డి తలుపును పొడిచాడు.

ఇంటికి నడుస్తూ వాగు దాటాక వదినే అంది.

"మంచిదే అయింది. నీలం తాడు వాడి జోలికి ఏ కన్నూ పోదు. చలికాలమంతా మేసి, బలిసి, వచ్చేస్తాడు."

"డాక్టరమ్మ ఒంటరిగా దొరికితే చెప్తానమ్మా" అంది తుమీనా. "ఆవిడకు అర్థమవుతుంది. ఆవిడ వచ్చి తాడు మారుస్తుంది."

"చెప్పు. కానీ గదిలో చెప్పు. తలుపు వేసుకుని చెప్పు."

*

డాక్టరమ్మ క్రిస్మస్‌కు పట్నం వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఆ నెలల్లో మంచు బాగా పడింది. పొద్దున లేచేసరికి క్యాబేజీ మళ్ళు తెల్లగా గాజులా ఉండేవి. నేను గుమ్మంలో కూర్చుని నిచిం ఉన్ని ఏకి, వడికాను. కదురు సొరబుర్రలో బొంగరంలా తిరిగేది. పోగు ఒక్కసారి కూడా తెగలేదు. దాంతో తుమీనాకు పావడా నేద్దామని మగ్గం నడుముకు కట్టుకున్నాను. ఈసారి మా ఊరి స్వామి శాన్ హువాన్ పండుగకు అది కట్టుకుని గుడికి వెళ్ళాలని నా ఆశ.

తుమీనా కేంద్రానికి వెళ్ళి వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని.

"చూశావా వాణ్ణి?"

"చూశాను. చెయ్యి నాకాడు. ఉప్పు పెట్టాను."

"చిక్కాడా?"

"లేదమ్మా, బాగా..." అనబోయి ఆగి, "వికారంగానే ఉన్నాడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చలికాలంలో మేం నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

"డాక్టరమ్మ?"

"వేరే చోటికి మార్చారంటున్నారు. గుమాస్తాను అడిగాను. ఈ పొట్టేలు మొదటి రకం, పొరపాటున నీలం తాడు పడింది అని చెప్పాను. 'ఆ రోజు డాక్టరమ్మ అడిగితే నువ్వే కదా ముతకన్నావు, నేనూ అక్కడే ఉన్నాను' అన్నాడు. ఆవిడ వచ్చి చెబితే తప్ప తాడు మార్చడట."

"పోనీ, మూడో రకం కదా, వాళ్ళకు అక్కర్లేదు కదా. ఇప్పుడే ఇచ్చెయ్యమను. తోలుకొచ్చేద్దాం."

"అదీ అడిగాను. మధ్యలో ఇస్తే అందరూ వచ్చి అడుగుతారట. వసంతంలోనే అన్నాడు."

నేను మగ్గం మీదికి వంగాను. వసంతం ఎంత దూరమో నా వేళ్ళకు తెలుసు, పావడా ఇంకా సగం కూడా కాలేదు.

కార్నివాల్ వచ్చింది. ఆ ఐదు రోజులూ లోకం లెక్కలో లేని రోజులని మావాళ్ళ నమ్మకం. ఎవరూ పని ముట్టరు, ప్రయాణం కట్టరు. మగవాళ్ళు జెండాలు పట్టుకుని, గుడి ముందు గడ్డి పరిచి నిప్పంటించి, ఆ మంటల మీద పరిగెత్తుతారు. ఆ పొగ ఇంకా కళ్ళల్లో ఉండగానే కేంద్రం కాపలా మనిషి మీకెల్ మా కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మా పక్క ఊరివాడే. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"కేంద్రం మూసేశారు పాష్కూ అక్కా."

"మూసెయ్యడమేంటి?" తుమీనా పొయ్యి దగ్గర్నుంచి లేచింది.

"పైనుంచి డబ్బు ఆగిపోయిందట. పెద్ద లారీ వచ్చిందట, లోపలంతా గడ్డి పరిచి ఉందట. ఎర్ర తాళ్ళూ పసుపు తాళ్ళూ ఎక్కించుకుని ఉత్తరాన ఏదో కాలేజీ ఫారానికి తీసుకెళ్ళారు. అక్కడ ఇంకా చదువుతారట వాటిమీద."

"నీలం తాళ్ళు?"

మీకెల్ టోపీ వైపు చూశాడు.

"నీలం తాళ్ళు ఎక్కడ మీకెల్ అన్నా?"

"వాటికి వేరే లారీ వచ్చింది. గడ్డి లేదట అందులో."

"ఎప్పుడు?"

"పండుగ మూడో రోజు. పండుగకు ఊరికొచ్చే ముందే చెప్పాను, ఇవి ఆడవాళ్ళవి, ఏదైనా ఉంటే వాళ్ళకు కబురు పెట్టండి అని. ఎవరిచేత పెట్టేది? మీరెవరూ కదలని రోజులు కదా. వాళ్ళకు ఆ రోజే ఖాళీ చెయ్యాలట."

"నువ్వు రాలేకపోయావా?"

"నేనూ చమూలా వాణ్ణే కదమ్మా" అన్నాడు మీకెల్. "నిప్పుల మీద పరిగెడుతున్నాను."

*

లారీ కొండ కింది రోడ్డు ఊరికి వెళ్ళిందని మీకెల్ చెప్పాడు. నేను, తుమీనా, వదిన బయల్దేరాం. వాన్‌లో వదిన దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. "ఎవరైనా కొనుక్కుని పెంచుకుంటున్నారేమో. అంత మంచి..." అని నాలుక కరుచుకుని, "అంత వికారమైన గొర్రెను చూసి జాలిపడి పెంచుకుంటారు" అంది. తుమీనా కిటికీలోంచి చూస్తోంది.

ఆ ఊళ్ళో రోడ్డు పక్కన రేకుల కింద ఒక కొట్టు. నేలలో గొయ్యి, గొయ్యి మీద కలబంద లాంటి పెద్ద పెద్ద ఆకులు కప్పి ఉన్నాయి. ఆకుల సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. బల్లల మీద కుటుంబాలు కూర్చుని తింటున్నాయి. చిన్నపిల్లలకు తల్లులు మాంసం చిదిపి పెడుతున్నారు. ఆ వాసన మా ముగ్గురికీ అంతకుముందు తెలియదు. తెలియకపోయినా తెలిసింది. వదిన శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోయింది.

కొట్టు మనిషి లావుగా, ఎర్రటి బుగ్గలతో ఉన్నాడు. మంచివాడు. నన్ను చూడగానే స్టూలు లాగి తుడిచాడు.

"రా అమ్మా, కూర్చో. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు." ఒక రొట్టెలో మాంసం పెట్టి, పైన ఉల్లిపాయ చల్లి, నా చేతికివ్వబోయాడు. "ముందు రుచి చూడు. ఊరికేనే. పళ్ళు లేకపోయినా పరవాలేదు, వెన్నలా ఉంది."

నాకు స్పానిష్ కొద్దిగానే వచ్చు. ఆ మాటలు మాత్రం అర్థమయ్యాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"మా అమ్మ తినదు" అంది తుమీనా. "మీరు కొన్న గొర్రెల్లో ఒక నల్ల పొట్టేలు ఉండాలి. కొమ్ములు ఇలా మెలి తిరిగి ఉంటాయి. తలుపులు పొడుస్తుంది."

ఆయన ఆలోచించాడు. "చాలా వచ్చాయమ్మా. పండుగ గిరాకీ. కొమ్ములు కుక్కలు ఎత్తుకుపోతాయి. తోళ్ళు వెనక ఉన్నాయి, చూసుకోండి." కాసేపాగి, దేనికో తెలియకుండానే, "పాపం" అన్నాడు.

కొట్టు వెనక తోళ్ళు ఉప్పు చల్లి దొంతరగా పేర్చి ఉన్నాయి. పక్కన మేకుకు నీలం తాళ్ళ కట్ట వేలాడుతోంది, మళ్ళీ దేనికైనా పనికొస్తాయని దాచినట్టున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క తోలు అంచూ ఎత్తి, ఉన్ని వైపు చెయ్యి దూర్చాను. చూడలేదు, కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇది సేబాస్తియానా వాళ్ళది. ఇది వాగు అవతలి ముసలిదానిది. ఇది, పాపం, ఇంకా లేతది.

తర్వాత చెయ్యి ఆగింది.

కత్తిరించాక మూడు నెలల్లో మళ్ళీ వేలెడు పెరిగింది. మెత్తగా, చల్లగా, చివర్లు ఉప్పుకి బిగుసుకుని ఉన్నాయి. తుమీనా నా చెయ్యి ఆగడం చూసింది. కిందకు వంగి, ఒక చిన్న పాయ పట్టుకుని, పాఠం చెప్పేటప్పటి అలవాటు కొద్దీ, చెవి దగ్గరికి తీసుకెళ్ళింది. లాగలేదు. అలాగే పట్టుకుని ఉండిపోయింది.

కొట్టు మనిషి తోలు ఊరికే ఇచ్చేశాడు. సంచిలో పెట్టి, తాడు కట్టి మరీ ఇచ్చాడు.

ఇంటికొచ్చాక వదిన మెల్లగా అంది, "ఉన్ని వేలెడు ఉంది, కత్తిరించి దాచుకో పాష్కూ."

"వద్దు వదినా."

పెరట్లో గొయ్యి తీశాం. పైన్ ఆకు పరిచి, తోలు మడిచి పెట్టి, చెరుకు సారా చిలకరించి కొవ్వొత్తులు వెలిగించాం. వదిన శోకం పెట్టింది. శోకంలో కూడా వాడు వికారమైనవాడనే ఏడ్చింది.

*

తర్వాతి వారంలో ఊరూరినుంచీ ఆడవాళ్ళు వచ్చారు. కేకలు వెయ్యలేదు. మా పెరట్లో చుట్టూ కూర్చున్నారు, అంతే. ఎర్ర తాళ్ళవి ఎక్కడో ఉత్తరాన బతికున్నాయని తుమీనా చెప్పింది. ఎప్పుడొస్తాయని అడిగారు. తెలియదంది. నీలం తాళ్ళ సంగతి అడిగారు. చెప్పింది. దాచలేదు.

చాలాసేపయ్యాక వాగు అవతలి ముసలమ్మ లేచి, పావడా దులుపుకుని, తుమీనా ముఖంలోకి చూసి అంది.

"నీ పూచీ అన్నావు. గొర్రెను తిన్నదానివి నువ్వు."

మాలో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. వదిన లేచి "ఏయ్ ముసలీ, దాని పొట్టేలూ పోయింది, కళ్ళు కనబడట్లేదా?" అని అరిచింది. ముసలమ్మ తిరిగి చూడలేదు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. వాళ్ళందరి వెనకా ఆకూష్ ఉంది. దాని పొట్టేలు బతికే ఉంది కదా, అందుకో ఏమో అది మా వైపు చూడలేకపోయింది.

ఆ రోజునుంచీ నీళ్ళ దగ్గర తుమీనా బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. అది అందర్లాగే పొద్దున లేచేది, రొట్టెలు చేసేది, మిగిలిన రెండు ఆడగొర్రెల్నీ మేపుకొచ్చేది. ఒకరోజు అడిగింది.

"అమ్మా, నేను ఆ రోజు మూడు వేసి ఉంటే?"

"వేసి ఉంటే దిష్టి తగిలి చచ్చేవాడు" అన్నాను.

"నిజంగా అనుకుంటున్నావా?"

నేను పోగు సరిచేస్తున్నట్టు వంగాను. నిజంగా ఏమనుకున్నానో నాకే తెలియదు, ఇప్పటికీ.

వసంతంలో ఉత్తరాది టమాటా తోటలకు మనుషుల్ని తీసుకెళ్ళే బస్సు వచ్చింది. పావడా నేత అప్పటికి పూర్తయింది. తొక్కి, బిగువు చేసి, నల్ల మట్టిలో ఉడికించి, పైన పొడుగు బొచ్చు తేలేలా దువ్వి ఆరేశాను. తుమీనా దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చేత్తో నిమురుతూ కూర్చుంది. తర్వాత మడిచి నా పెట్టెలో పెట్టింది.

"అక్కడ వేడి అమ్మా. ఇది కట్టుకోలేను. నువ్వు కట్టుకో, వచ్చాక తీసుకుంటాను."

"ఎప్పుడొస్తావే?"

"కోతలయ్యాక."

మిల్లు బట్ట లంగా వేసుకుని బస్సెక్కింది. వీపు కనబడినంతసేపూ చూద్దామని రోడ్డు మీద నిలబడ్డాను. బస్సులో వీపులు కనబడవు.

మొదటి రెండేళ్ళు కిరాణా కొట్టు ఫోనుకు మాట్లాడేది. ఏదో తోట నుంచి ఇంకో తోటకు వెళ్తున్నానంది. తర్వాత ఫోను రాలేదు. కోతలు ఎన్నో అయ్యాయి.

వదిన పోయింది. ఆ ఆడగొర్రెలూ పోయాయి. ఇప్పుడు మళ్ళీ ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారు, ఉన్ని బాగుచెయ్యడానికి. మొన్న వాళ్ళలో ఒక చిన్నపిల్ల, కళ్ళజోడు పెట్టుకున్నది, నా పావడా అంచు పట్టుకుని, "అవ్వా, ఇది ఏ గొర్రెది? ఇంత పొడుగు పోగు ఎక్కడా చూడలేదు" అంది.

"ఏదో ముతక ఉన్నిలే" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. ఆ పిల్ల నమ్మి అంచు వదిలేసింది.

ఊళ్ళోవాళ్ళు తుమీనా ఎలా ఉందని అడుగుతారు. "ఏముంటుంది? పని చేతకాని పిల్ల. నెయ్యడం రాదు, వండడం రాదు, ముఖమూ అంతంతే" అంటాను. మర్యాద తెలిసినవాళ్ళు కనుక వాళ్ళూ "అవునవును" అంటారు. అలా అంటేనే కదా, అంత దూరంలో ఉన్నదానికి ఏ కన్నూ తగలకుండా ఉండేది. కానీ ఆ తోటల దగ్గర పొద్దున్నే మనుషుల్ని వరసలో నిలబెట్టి, ఎవర్ని ఏ లారీ ఎక్కించాలో చూసి చెబుతారట. నా మాట అక్కడిదాకా పోయి, ఎవడైనా నిజమని నమ్మితేనో?

అందుకని శాన్ హువాన్ గుడికి వెళ్తున్నాను. నేల మీద పైన్ ఆకు పక్కకు జరిపి కొవ్వొత్తి అంటిస్తాను. స్వామితో ఒక్క మంచిమాట చెప్పాలని నోరు తెరుస్తాను, అది మంచి పిల్ల అని. నోరు రాదు. కొంగున కట్టుకెళ్ళిన మొక్కజొన్న గింజలు తీసి కొవ్వొత్తి ముందు పెడతాను. మూడు.

వెనక ఎవరిదో అడుగు చప్పుడైతే, రెండు తీసేస్తాను.